పాత కారులో హీటర్ సరిగా వేడి ఇవ్వకపోతే: కారణం పట్టుకోవడం నుంచి బాగుచేసుకోవడం దాకా

నవంబరు వచ్చిందంటే ఈ ప్రశ్న మొదలవుతుంది: "కారు బాగానే నడుస్తోంది, హీటర్ మాత్రం గోరువెచ్చగా వస్తోంది. ఏం మార్చాలి?" అడిగేవాళ్లలో ఎక్కువమంది షికాగో, డెట్రాయిట్, మినియాపొలిస్, టొరంటో వైపు చదువుకో ఉద్యోగానికో వచ్చి, 12, 15 ఏళ్ల పాత కరోలానో సివిక్‌నో కొనుక్కున్నవాళ్లు. కొన్నది ఆగస్టులో. అప్పుడు ఏసీ చూస్తారు గానీ హీటర్ ఎవరు చూస్తారు?

ఏం మార్చాలో చెప్పే ముందు ఏం కొలవాలో చెబుతాను. తక్కువ వేడికి కారణాలు అరడజను ఉన్నాయి, వాటి ఖర్చు కొన్ని డాలర్ల నుంచి వందల డాలర్ల దాకా ఉంటుంది. పరీక్ష చేయకుండా థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) మార్చి, దాంతో పని కాక కూలెంట్‌ని తిప్పే వాటర్ పంప్ మార్చి, చివరికి రేడియేటర్‌లో లీటరు కూలెంట్ తక్కువుందని తెలుసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇది కూలెంట్‌తో వేడెక్కే మామూలు పెట్రోల్ కార్ల కోసం రాసింది. ప్రియస్ లాంటి హైబ్రిడ్లలో కూలెంట్‌ని తిప్పడానికి విడిగా ఎలక్ట్రిక్ పంపు ఉండొచ్చు, ఎలక్ట్రిక్ కార్లలో హీటర్ పద్ధతే వేరు. వాటికి ఇది పూర్తిగా వర్తించదు.

## 1. వేడి ఎక్కడి నుంచి వస్తుంది

ఇంజన్‌ని చల్లబరుస్తూ తిరిగే కూలెంట్‌లో కొంత భాగం రెండు రబ్బరు పైపుల ద్వారా డాష్‌బోర్డ్ వెనకనున్న ఒక చిన్న రేడియేటర్‌లోకి వెళ్లి వస్తుంది. దాని పేరు హీటర్ కోర్. బ్లోయర్ ఫ్యాన్ ఆ కోర్ మీదుగా గాలిని తోస్తుంది. వేడి గాలి, చల్ల గాలి ఎంతెంత కలవాలో లోపలున్న ఒక ప్లాస్టిక్ తలుపు నిర్ణయిస్తుంది. దాన్ని బ్లెండ్ డోర్ అంటారు.

కాబట్టి మూడు జరగాలి. కూలెంట్ తగినంత వేడెక్కాలి. ఆ వేడి కూలెంట్ కోర్‌లోంచి ధారగా పారాలి. గాలి ఆ కోర్ మీదుగా వెళ్లాలి. మీ కారులో ఈ మూడింటిలో ఏది జరగడం లేదో తేలితే సగం పని అయినట్టే.

## 2. బానెట్ ఎత్తే ముందు

ముందు జాగ్రత్తలు చెప్పాలి, ఎందుకంటే ఈ పనిలో నిజంగా ఒళ్లు కాలుతుంది.

- వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయకండి. లోపల 13 నుంచి 16 పీఎస్ఐ దాకా ఒత్తిడి ఉంటుంది. మూత తిప్పగానే మరిగే కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది. ఇంజన్ ఆపి కనీసం రెండు మూడు గంటలు ఆగండి, రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది.
- మూసిన గరాజ్‌లో ఇంజన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. మంచు పడ్డ రోజైతే ఆరుబయట కూడా సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోలేదని చూసుకున్నాకే స్టార్ట్ చేయండి.
- కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి, పిల్లులకూ ప్రమాదమే. కింద ట్రే పెట్టండి, ఒలికింది వెంటనే తుడవండి, చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.
- రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది. వదులు చొక్కా చేతులు, స్కార్ఫ్, మెడలో గొలుసు దూరంగా ఉంచండి.

దగ్గర ఉండాల్సినవి:

- చేతి గ్లవ్స్, కళ్లద్దాలు, టార్చ్
- ఓబీడీ స్కానర్, అంటే కారు కంప్యూటర్ నుంచి ఇంజన్ వేడి, లోపాల కోడ్‌లు చదివే పరికరం (ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చవక రకం చాలు, అమెరికాలో 1996 నుంచి వచ్చిన కార్లన్నిటికీ ఆ సాకెట్ ఉంటుంది)
- దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్
- గాలి వచ్చే వెంట్‌లో గుచ్చడానికి వంటింటి థర్మామీటర్
- ప్లయర్స్, స్క్రూడ్రైవర్లు, సాకెట్ సెట్
- కూలెంట్ పట్టడానికి ట్రే, బకెట్, గరాటు
- మీ కారు మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్

అన్నీ కొనక్కర్లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల దుకాణాల్లో కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్ వంటి పనిముట్లు డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు. వెనక్కిస్తే డబ్బు తిరిగిస్తారు. ఇంకో మాట: చాలా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లలో రిపేర్లు చేయనివ్వరు. లీజు కాగితం ఒకసారి చదువుకుని, అవసరమైతే గరాజ్ ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్లండి.

## 3. ఏదీ విప్పకుండా చేసే పరీక్ష

ఈ వరుస మార్చకండి. ఒక్కో అంకెనూ కాగితం మీదో ఫోన్‌లోనో రాసుకుంటూ పోండి.

మొదటిది, చల్లటి ఇంజన్ మీద కూలెంట్ మట్టం. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూడండి. పక్కనుండే ప్లాస్టిక్ డబ్బాలో గీత దాకా ఉంది కదా అని ఆగిపోవద్దు. రేడియేటర్‌కి విడిగా మూత ఉంటే అదీ తీసి చూడండి, కూలెంట్ గొంతు దాకా కనిపించాలి. మూత రబ్బరు పాడైతే డబ్బా నిండుగా, రేడియేటర్ వెలితిగా ఉండటం పాత కార్లలో మామూలే. దీనికే చాలామంది మోసపోతారు.

రెండోది, హీటర్ పైపులు. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్యనున్న ఇనుప గోడలోకి బొటనవేలంత లావు రబ్బరు పైపులు రెండు పక్కపక్కన వెళ్తాయి. అవి రెండూ నిజంగా గోడలోకే వెళ్తున్నాయా? కోర్ లీకయితే ఆ రెండింటినీ ఒకదానికొకటి కలిపేసి కారు అమ్మేసేవాళ్లు ఉన్నారు. పైపు వంపు తిరిగి మళ్లీ ఇంజన్‌లోకే వచ్చేస్తుంటే మీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే, అదంత మంచి జవాబు కాకపోయినా.

మూడోది, ఇంజన్ వేడి. స్కానర్ పెట్టి కారుని 15, 20 నిమిషాలు రోడ్డు మీద నడపండి. కూలెంట్ వేడి సుమారు 82 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్యకు వచ్చి అక్కడే నిలబడాలి. డాష్‌బోర్డ్ ముల్లుని నమ్మకండి. చాలా కార్లలో వేడి కొంత అటూ ఇటూ అయినా ముల్లు మధ్యలోనే కదలకుండా ఉండేలా చేసి ఉంటారు.

నాలుగోది, రెండు పైపుల వేడి. కారు ఆపి, ఇంజన్ నడుస్తుండగా, హీటర్ ఫుల్ హాట్‌లో, ఫ్యాన్ మధ్య వేగంలో పెట్టి కొలవండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని మెరిసే లోహం మీదికి గురిపెడితే తప్పు అంకె చూపిస్తుంది, నల్ల రబ్బరు మీదే గురిపెట్టండి.

అయిదోది, వెంట్ గాలి. మధ్య వెంట్‌లో థర్మామీటర్ గుచ్చండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక మంచి హీటర్ 50 డిగ్రీల సెల్సియస్ దాటిన గాలి ఇస్తుంది.

ఇప్పుడు మీ అంకెల్ని దీంతో పోల్చుకోండి:

- ఇంజన్ 70 దగ్గరే ఆగిపోతోంది, రెండు పైపులూ గోరువెచ్చగా ఉన్నాయి: థర్మోస్టాట్. అయిదు, ఆరు భాగాలు చూడండి.
- ఇంజన్ 90 ఉంది, రెండు పైపులూ చల్లగానో గోరువెచ్చగానో ఉన్నాయి: కూలెంట్ తక్కువ, లోపల గాలి, లేదా పంపు. నాలుగు, అయిదు, పది.
- ఒక పైపు వేడి, రెండోది పట్టుకోగలిగేంత చల్లన: కోర్‌లో అడ్డం, లేదా హీటర్ వాల్వ్ (కొన్ని కార్లలో పైపు మధ్యలో ఉంటుంది) మూసుకుంది. ఏడు, ఎనిమిది.
- రెండు పైపులూ వేడి, తేడా 10, 15 డిగ్రీలే, అయినా గాలి చల్లన: బ్లెండ్ డోర్. ఎనిమిది.
- గాలి వేడిగానే ఉంది, కానీ ధార లేదు: తొమ్మిది.

దీనికి తోడు పరికరాలేవీ అక్కర్లేని గుర్తు ఒకటుంది, నాకు అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. సిగ్నల్ దగ్గర ఆగితే చల్లబడి, యాక్సిలరేటర్ తొక్కగానే వేడెక్కితే కూలెంట్ తక్కువైనా అయుండాలి, లోపల గాలి చేరి అయినా ఉండాలి, లేదా పంపు బలహీనపడి ఉండాలి. దీనికి తిరగబడి, హైవే మీద చల్లబడి ఆగినప్పుడు వేడెక్కితే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. ఎదురుగాలి రేడియేటర్‌ని అదేపనిగా చల్లార్చేస్తోందన్నమాట.

ఒక హెచ్చరిక. ముల్లు ఎరుపు వైపు వెళ్తూ, అదే సమయంలో హీటర్ చల్లబడిందంటే కూలెంట్ బాగా పోయింది. కారు పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. "ఇంకో రెండు మైళ్లేగా" అనుకుంటే ఇంజనే పోతుంది.

## 4. కూలెంట్ తక్కువైతే

ఎక్కువ కార్లలో సమస్య ఇక్కడే తేలిపోతుంది. కోర్ ఎత్తులో ఉండటం వల్ల కూలెంట్ కాస్త తగ్గగానే ముందు ఎండేది అదే.

పోయాల్సింది సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. ఈ పాళ్లలో అది దాదాపు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. "చలి ఎక్కువ కదా, నీళ్లెందుకు?" అని చిక్కటి కూలెంట్ అంతా పోసేవాళ్లున్నారు. అది తిరగబడుతుంది. నీళ్లు కలపని ఇథిలీన్ గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, వేడిని మోసే శక్తి కూడా దానికి తక్కువ. దుకాణంలో ముందే కలిపి అమ్మే డబ్బా తెచ్చుకుంటే మళ్లీ నీళ్లు కలపొద్దు.

రంగు చూసి కూలెంట్ కొనకండి. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు దొరుకుతాయి. పడని రెండు రకాలు కలిస్తే లోపల బురదలాగా పేరుకుని కోర్ సందుల్ని మూసేస్తుంది.

పోయడం తేలిక. పోయిన కూలెంట్ ఎక్కడికి పోయిందన్నదే అసలు సంగతి. ఇది మూసి ఉండే వ్యవస్థ, దానంతటది తరగదు. వెతకాల్సిన చోట్లు:

- రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకుల దగ్గర తెల్లటి, లేదా రంగు మరకలు
- పైపుల చివర్లు, క్లాంపుల చుట్టూ తడి
- వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం నుంచి కారిన గుర్తు
- ముందు సీటు కింద కార్పెట్ తడి, క్యాబిన్‌లో తియ్యటి వాసన, అద్దానికి లోపలివైపు జిడ్డు పొర: ఈ మూడింటిలో ఏది కనిపించినా హీటర్ కోర్ లీకవుతుండొచ్చు
- ఎక్కడా తడి లేదు, అయినా తగ్గుతోంది: పదో భాగంలో చెప్పబోయే హెడ్ గాస్కెట్ (ఇంజన్ దిమ్మకీ దాని పై భాగానికీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి

ప్రెషర్ టెస్టర్ తెచ్చుకుని, చల్లటి ఇంజన్ మీద, రేడియేటర్ మూత మీద రాసి ఉన్న ఒత్తిడి మేరకే గాలి కొట్టి పావుగంట ఉంచండి. ముల్లు దిగుతుంటే లీకు ఉంది. టార్చ్ వేసి వెతకండి. మూత పాతదైతే మార్చేయండి, కొద్ది డబ్బుల పని.

లీక్ ఆపే మందు సీసాల గురించి ఒక్కమాట: వద్దు. రేడియేటర్ చిల్లు మూసే పదార్థానికి హీటర్ కోర్ సన్న గొట్టాలు కూడా చిల్లుల్లాగే కనిపిస్తాయి.

## 5. లోపల చేరిన గాలి తీయడం

కూలింగ్ సిస్టమ్ విప్పిన ప్రతిసారీ, కూలెంట్ బాగా తగ్గిన ప్రతిసారీ ఇది చేయాలి. స్టార్ట్ చేయగానే డాష్‌బోర్డ్ వెనక గలగలమని నీళ్లు పారుతున్న శబ్దం వస్తుంటే గాలి ఉన్నట్టే.

1. కారు ముక్కు పైకి ఉండేలా ఏటవాలు దారిలోనో, ర్యాంపుల మీదో నిలపండి. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టండి. రేడియేటర్ మూత మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా ఎత్తులో ఉండాలి.
2. చల్లటి ఇంజన్ మీద మూత తీసి, గొంతుకి బిగుతుగా పట్టే పెద్ద గరాటు పెట్టి, అందులో కొంత కూలెంట్ నిలిచేలా పోయండి.
3. హీటర్ ఫుల్ హాట్‌లో, ఫ్యాన్ తక్కువ వేగంలో పెట్టండి. వాల్వ్ ఉన్న కార్లలో హాట్‌లో పెట్టకపోతే కోర్‌లోని గాలి బయటికి రాదు. ఫ్యాన్ ఎక్కువ పెడితే ఇంజన్ వేడెక్కడం ఆలస్యమవుతుంది.
4. ఇంజన్ స్టార్ట్ చేసి వదిలేయండి. బుడగలు వస్తూనే ఉంటాయి, మట్టం దిగుతుంటే పోస్తూ ఉండండి. గ్లవ్స్ వేసుకుని రేడియేటర్ పై పైపుని అప్పుడప్పుడు పిసికితే ఇరుక్కున్న గాలి కదులుతుంది.
5. గాలి తీసే బోల్ట్ ఉన్న కార్లలో, పాత హోండాల్లో కొన్నిటికి థర్మోస్టాట్ దగ్గర ఉంటుంది, దాన్ని కొద్దిగా వదులు చేయండి. బుడగలు లేని ధార రాగానే బిగించండి.
6. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపండి. అంటే థర్మోస్టాట్ తెరుచుకుంది, కూలెంట్ అంతటా తిరిగింది.
7. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారాకే గరాటు తీసి మూత పెట్టండి.

గరాటులోకి అరగంట దాటినా బుడగలు ఆగకపోతే అది ఇరుక్కున్న గాలి అయుండదు. పదో భాగానికి వెళ్లండి.

## 6. థర్మోస్టాట్ మార్చడం

ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ థర్మోస్టాట్ మూసుకుని ఉండాలి. సాధారణంగా 82 నుంచి 91 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది, ఎంత దగ్గరో దాని మీదే ముద్రించి ఉంటుంది. తెరుచుకుని బిగుసుకుపోతే ఇంజన్ వేడెక్కదు, స్కానర్‌లో పీ0128 అనే కోడ్ కనిపించవచ్చు. పెట్రోల్ కూడా ఎక్కువ తాగుతుంది.

మన వైపు మెకానిక్‌లకు ఒక అలవాటు ఉంది. ఎండాకాలం కారు హీటెక్కితే థర్మోస్టాట్ పీకి పక్కన పడేస్తారు. హైదరాబాద్ ఎండలో దాని లోటు తెలియదు. అదే కారులో జనవరిలో లంబసింగికో అరకుకో తెల్లవారుజామున వెళ్తే హీటర్ ఉత్త గాలి ఊదుతుంది, అద్దం మీద ఆవిరి పోదు. పైగా హీటెక్కడానికి అసలు కారణం, పూడుకుపోయిన రేడియేటరో తిరగని ఫ్యానో, అలాగే ఉండిపోతుంది. ఊళ్లో ఉన్న పాత కారులో హీటర్ ఎప్పుడూ వేడెక్కలేదంటే, ముందు థర్మోస్టాట్ అసలుందో లేదో అడగండి.

మార్చే వరుస:

1. చల్లటి ఇంజన్ కింద ట్రే పెట్టి, రేడియేటర్ అడుగు మర తిప్పి రెండు మూడు లీటర్లు వదలండి. శుభ్రంగా ఉంటే దాన్నే తిరిగి పోసుకోవచ్చు.
2. థర్మోస్టాట్ ఎక్కడుందో మాన్యువల్‌లో చూడండి. కొన్ని ఇంజన్లలో రేడియేటర్ పై పైపు చివర, మరికొన్నిటిలో కింది పైపు చివర ఉంటుంది. కింది పైపు వైపు ఉన్న కారులో "పై పైపు వేడెక్కుతోంది కాబట్టి థర్మోస్టాట్ తెరుచుకుంది" అనే పరీక్ష చెల్లదు.
3. మూత బోల్టులు తీయండి. పాతది ఏ వైపుకి తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. స్ప్రింగ్ ఉన్న వైపు ఇంజన్ లోపలికి ఉంటుంది.
4. పాత గాస్కెట్ ముక్కలు ప్లాస్టిక్ గీకుడుతో పూర్తిగా తీయండి. అల్యూమినియం మీద ఇనుప బ్లేడు వాడితే గీతలు పడి అక్కడినుంచే కారుతుంది.
5. కొత్తదానికి కదిలే చిన్న పిన్ను ఉంటే అది సాధారణంగా పైకి రావాలి. గాలి పోవడానికి అదే దారి. పాతది ఎలా ఉందో చూసి అలాగే పెట్టండి.
6. బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. చిన్న బోల్టులు, మెత్తటి అల్యూమినియం. బలం చూపిస్తే మరలు పోతాయి.
7. కూలెంట్ నింపి, అయిదో భాగంలో చెప్పినట్టు గాలి తీయండి.

తీసిన పాతదాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. చల్లగా ఉన్నప్పుడు సందులోంచి వెలుగు కనిపిస్తే దోషం దానిదే.

ఆన్‌లైన్‌లో దొరికే అతి చవక థర్మోస్టాట్ కొనకండి. కంపెనీ విడిభాగానికీ దానికీ ధరలో తేడా పెద్దగా ఉండదు, పని మాత్రం రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

## 7. హీటర్ కోర్ కడగడం

ఏళ్ల తరబడి కూలెంట్ మార్చకపోయినా, మామూలు నీళ్లు పోస్తూ వచ్చినా, బోరు నీళ్ల గీజర్‌లో పట్టినట్టే కోర్ సన్న గొట్టాల్లో గార పడుతుంది. పారే దిశకు ఎదురుగా నీళ్లు పంపిస్తే చాలావరకు ఊడొస్తుంది.

బయట గడ్డకట్టే చలి ఉన్న రోజు ఇది చేయొద్దు. కోర్‌లో నీళ్లు మిగిలి గడ్డకడితే అది పగిలిపోతుంది. నాలుగైదు డిగ్రీలైనా పైన ఉన్న మధ్యాహ్నం చూసుకోండి.

1. చల్లటి ఇంజన్ మీద రెండు హీటర్ పైపుల క్లాంపులు ప్లయర్స్‌తో వెనక్కి జరపండి. ఏది వేడిగా ఉండేదో, ఏది చల్లగా ఉండేదో టేపు అంటించి గుర్తు పెట్టుకోండి.
2. పైపు అతుక్కుపోతే గుంజకండి, ప్లయర్స్‌తో మెలి తిప్పకండి. కోర్ నుంచి వచ్చే గొట్టం పలచన, అది వంగితే డాష్‌బోర్డ్ మొత్తం విప్పాల్సి వస్తుంది. రబ్బరుని నిలువుగా బ్లేడుతో చీల్చి తీసేసి కొత్త పైపు వేసుకోండి.
3. కోర్ గొట్టాలు రెండింటికీ చెరో పొడవాటి పారదర్శక పైపు తొడగండి. చల్లగా ఉన్న వైపు పైపు నుంచి నీళ్లు పంపాలి, రెండోదాన్ని బకెట్‌లో పెట్టాలి.
4. తోట పైపు కుళాయి కొంచెమే తిప్పండి. ఇంటి కుళాయి పూర్తి ఒత్తిడి ఈ కోర్ తట్టుకునే దానికన్నా చాలా ఎక్కువ. పాత కోర్ పగిలేది ఇక్కడే.
5. మొదట వచ్చే గోధుమరంగు నీళ్లు బకెట్‌లోనే పట్టండి, అందులో కూలెంట్ ఉంటుంది. తేటగా వచ్చాక దిశ మార్చి కాసేపు, మళ్లీ మొదటి దిశలో కాసేపు పంపండి.
6. ధార ఇంకా సన్నగానే ఉంటే కూలింగ్ సిస్టమ్ కోసం అమ్మే క్లీనర్‌ని సీసా మీద రాసిన పాళ్లలో, రాసినంతసేపే ఉంచి కడగండి. బాత్రూమ్ యాసిడ్ ఆలోచన రానివ్వకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది.
7. చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడిగి, నోటితో కాకుండా చిన్న చేతిపంపుతో నెమ్మదిగా ఊది నీళ్లు బయటికి తీయండి.
8. పైపులు బిగించి, కూలెంట్ నింపి, గాలి తీయండి. లోపల కొంత నీరు మిగిలే ఉంటుంది కాబట్టి కూలెంట్ సాంద్రత కొలిచే చిన్న పరికరంతో అది ఎంత చలి దాకా తట్టుకుంటుందో తప్పక చూడండి.

కడిగాక రెండు పైపుల వేడి మళ్లీ కొలవండి. తేడా తగ్గకపోతే ఇంకోసారి కడగొచ్చు. రెండుసార్లకీ లొంగకపోతే కోర్ మార్చడమే.

## 8. బ్లెండ్ డోర్, కేబుల్, హీటర్ వాల్వ్

రెండు పైపులూ కాలుతున్నాయి, గాలి చల్లగా ఉంది. అంటే ఇంజన్ వైపు తప్పేం లేదు, కూలెంట్ జోలికి వెళ్లకండి.

తిప్పే గుండీ ఉన్న పాత కార్లలో గుండీ నుంచి బ్లెండ్ డోర్ దాకా తీగ ఉంటుంది. గుండీ మరీ తేలిగ్గా తిరుగుతోందంటే తీగ క్లిప్ నుంచి జారింది. డాష్‌బోర్డ్ కింద తల పెట్టి, ఇంకొకరిని గుండీ తిప్పమని, మీట పూర్తిగా కదులుతోందో లేదో చూడండి. చాలాసార్లు క్లిప్ తిరిగి నొక్కితే పని అయిపోతుంది.

మీటలు నొక్కే రకంలో చిన్న మోటారు తలుపుని తిప్పుతుంది. అందులోని ప్లాస్టిక్ పళ్లు అరిగితే స్టార్ట్ చేసినప్పుడో, వేడి మార్చినప్పుడో టక్ టక్ మని శబ్దం వస్తుంది. ఒక వైపు వెంట్ వేడిగా, ఇంకోవైపు చల్లగా వస్తున్నా దీన్ని అనుమానించాలి. మోటారు మార్చే ముందు మాన్యువల్‌లో చెప్పిన రీసెట్ ఒకసారి చేసి చూడండి.

వెంట్లలోంచి నల్లటి స్పాంజి ముక్కలు రాలుతున్నాయా? తలుపుకి అంటించిన ఫోమ్ పొడైపోయింది. దానికింద రంధ్రాలున్న రేకు తలుపైతే చల్ల గాలి వాటిలోంచి వచ్చి కలిసిపోతుంది.

కొన్ని కార్లలో ఇంజన్ వైపు పైపు మధ్యలో వాల్వ్ ఉంటుంది. గుండీ హాట్‌కి తిప్పినప్పుడు దాని మీట చివరిదాకా కదలాలి. కదలకపోతే తీగ సరిచేయండి. మీట కదిలినా అవతలి పైపు వేడెక్కకపోతే వాల్వే మార్చాలి.

## 9. గాలే రాకపోతే

- క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది, పనిముట్లు కూడా అక్కర్లేదు. కొన్నప్పటి నుంచి మార్చలేదంటే ఇక్కడినుంచే మొదలుపెట్టండి.
- ముందు అద్దం కింద వైపర్ల దగ్గరి జల్లెడలో ఆకులు, మంచు తీయండి. బయటి గాలి వచ్చే దారి అదే.
- ఫ్యాన్ అతి ఎక్కువ వేగంలోనే తిరిగి మిగతా వేగాల్లో రాకపోతే బ్లోయర్ రెసిస్టర్ (ఫ్యాన్ వేగం తగ్గించే భాగం) పోయింది.
- ఫ్యాన్ తిరుగుతూ గరగరమంటుంటే బ్లోయర్ చక్రంలో ఆకులు ఇరుక్కుని ఉండొచ్చు. ఎలుక గూడు కూడా ఉండొచ్చు, గ్లవ్స్ వేసుకోండి.

క్యాబిన్ త్వరగా వెచ్చబడాలంటే లోపలి గాలే తిరిగే మీట నొక్కొచ్చు. అద్దాలకు ఆవిరి పట్టగానే తీసేయండి.

## 10. పంపు, హెడ్ గాస్కెట్: ఇక్కడ మాత్రం ఆగండి

కూలెంట్ నిండుగా ఉంది, గాలి తీశారు, కోర్ కడిగారు. అయినా ఆగితే చల్లన, తొక్కితే వేడి. అప్పుడు వాటర్ పంప్ లోపలి రెక్కలు అరిగిపోయాయేమో అనుమానించాలి. టైమింగ్ బెల్ట్‌తో (ఇంజన్ వాల్వుల్ని వేళకు తెరిపించే పట్టీతో) తిరిగే పంపు అయితే ఆ పని ఇంట్లో చేయబోకండి. బెల్ట్ పళ్లు తప్పి కూర్చుంటే కొన్ని ఇంజన్లలో వాల్వులు వంగిపోవచ్చు.

హెడ్ గాస్కెట్ పోయిందనడానికి గుర్తులు:

- రేడియేటర్‌లో ఆగని బుడగలు
- చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే పైపులు రాయిలా గట్టిపడటం
- ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లటి, తియ్యటి వాసన పొగ
- ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారడం

చివరి గుర్తు ఒక్కటే చూసి భయపడకండి. చలికాలంలో తక్కువ దూరాలే తిరిగే కారులో ఆయిల్ మూత కింద తేమ చేరి లేత గోధుమ నురగ కనిపిస్తుంది. నిర్ధారణకి రేడియేటర్ గొంతు దగ్గర పెట్టే నీలం ద్రవం పరీక్ష ఉంది. పెట్రోల్ ఇంజన్ పొగ అందులోకి వస్తే ద్రవం పసుపుగా మారుతుంది. ఈ పనిముట్టు కూడా డిపాజిట్ మీద దొరుకుతుంది.

## 11. పని అయ్యాక చూసుకోవాల్సినవి

- 20 నిమిషాల డ్రైవ్ తర్వాత ఇంజన్ వేడి, రెండు పైపుల వేడి, వెంట్ గాలి మళ్లీ కొలిచి, ముందు రాసుకున్న అంకెల పక్కన రాయండి
- విప్పిన ప్రతి పైపు చివర, ప్రతి బోల్ట్ దగ్గర టార్చ్ వేసి తడి ఉందేమో చూడండి
- మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద కూలెంట్ మట్టం చూసి, తగ్గితే పోయండి. మొదటి రెండు మూడు రోజులు కొంచెం దిగడం సహజం, ఆ తర్వాత దిగకూడదు
- డీఫ్రాస్ట్ మీట నొక్కి ముందు అద్దం ఎంతసేపట్లో తేటపడుతుందో చూడండి
- పాత కూలెంట్‌ని రోడ్డు పక్క కాలువలో పారబోయకండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి

## 12. మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే

కోర్ మార్పిడిలో వస్తువు ఖరీదు తక్కువ, కూలీ ఎక్కువ. చాలా కార్లలో డాష్‌బోర్డ్ మొత్తం ఊడదీయాలి. అందుకే కోర్ మార్చాలని ఎవరైనా చెబితే రెండు పైపుల వేడి ఎంతెంత వచ్చిందో అడగండి. ఆ అంకెలు చెప్పలేకపోతే ఇంకో చోట చూపించండి.

"హీటర్ పనిచేయట్లేదు" అని కారు అప్పజెప్పకుండా ఈ నాలుగూ చెప్పండి: ఇంజన్ ఎన్ని డిగ్రీల దగ్గర నిలబడుతోంది, రెండు పైపుల మధ్య తేడా ఎంత, చల్లబడేది ఆగినప్పుడా హైవే మీదా, కూలెంట్ ఎన్నాళ్లకు ఎంత తగ్గుతోంది. పరీక్షకే కొంత ఛార్జి వేస్తారు, ఇవి చేతిలో ఉంటే ఆ పరీక్ష త్వరగా తెములుతుంది.

కోర్ లీకవుతూ, మార్చడానికి ఇప్పుడు డబ్బు లేకపోతే పైపులు రెండూ కలిపేసి నడపొచ్చు. కూలెంట్ పోవడం ఆగుతుంది, ఇంజన్ బతుకుతుంది. కానీ డీఫ్రాస్టర్ కూడా ఉండదు కాబట్టి మంచు కురిసే ఊళ్లో ఆ కారు బయటికి తీయకూడదు. కొన్ని రాష్ట్రాల వార్షిక తనిఖీలో డీఫ్రాస్టర్ కూడా చూస్తారు. గడ్డకట్టే చలి పోయే ఏప్రిల్ దాకా బస్సో, స్నేహితుల కారో చూసుకుని, ఆ లోపు రెండు మూడు చోట్ల ధర అడిగి పెట్టుకోండి.